సబ్బుల షావుకారు నాలుక

కోడలు ఆ రోజు పంటి నొప్పితో లేచింది. దవడ పట్టుకుని వంటింట్లోకి వచ్చిన ఆమెను చూసి అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, బుగ్గలో నిమ్మకాయ పెట్టుకున్నట్టుంది కదే!"

"పన్ను అత్తయ్యా. ప్రాణం తోడేస్తోంది."

"రా, ఇలా కూర్చో. నోరు తెరువు." అత్తగారు దూది ఉండను లవంగ నూనెలో ముంచి, పుచ్చుపన్ను మీద పెట్టి వేలితో అదిమింది. "కాసేపు గట్టిగా కరిచి పట్టుకో. మాట్లాడకు. అయినా నువ్వు నోరు మూసుకుంటే ఈ ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకునేదెలాగ?"

అదీ నిజమే. షావుకారూ ఆయన కొడుకూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు, ఒకే గుమ్మంలో చెప్పులు విడుస్తారు, కానీ ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడుకోక చాలా కాలమైంది. "అమ్మాయ్, నూనె పీపాలు వచ్చాయేమో మీ ఆయన్ని అడుగు" అని ఈయన గోడ వైపు తిరిగి అంటాడు. "వచ్చాయని మీ మామగారితో చెప్పు" అని కొడుకు కిటికీ వైపు తిరిగి అంటాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం కూడా ఉండదు. కోడలు కూర గిన్నెతో మధ్యలో నిలబడి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ అందించాలి. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

పెద్ద వీధికి తప్ప ఇంకెక్కడికీ కరెంటు దీపాలు రాని రోజులవి. షావుకారు పడుచుతనంలో భుజాన డబ్బా వేసుకుని వీధి వీధీ తిరిగి నూనె అమ్మేవాడు. మిగిలి కంపు కొట్టిన నూనెను పారబోయడానికి మనసొప్పక, పెరట్లో కాస్టిక్ సోడా కలిపి సబ్బు కాచాడు. ఆ మొదటి సబ్బుతో కొత్తగా కాపురానికొచ్చిన ఆయన భార్య బట్టలుతికింది. సోడా ఇంకా పచ్చిగా ఉన్న సబ్బు అది. ఆవిడ రెండు అరచేతులూ బొబ్బలెక్కి, నెల తిరిగేదాకా ముద్ద కలుపుకోలేకపోయింది. ఆయనే తినిపించాడు. తినిపిస్తూ, "ఇక మీదట ఏ సబ్బయినా ముందు నా నాలుక మీదికి వచ్చాకే ఇంకొకళ్ల చేతికి వెళ్తుంది" అన్నాడట.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. పెరట్లో చిన్న గిన్నె కాస్తా పెద్ద గంగాళమైంది. ఇంటి వెనక రేకుల షెడ్డు లేచింది, పనివాళ్లు వచ్చారు, బళ్లు వచ్చాయి. ఎంత ఎదిగినా పద్ధతి మాత్రం మారలేదు. గంగాళంలో ఉడికే సబ్బును చెక్క తెడ్డుతో కొంచెం తీసి, చల్లారనిచ్చి, గోటితో పెచ్చు గీరి, కళ్లు మూసుకుని నాలుక కొసకు తాకించేవాడు. చురుక్కుమంటే ఇంకా ఉడకాలి. చప్పగా ఉంటే అయినట్టే. కళ్లు తెరిచి "పోయండి" అనేవాడు. ఆ మాట వినపడ్డాకే పనివాళ్లు సబ్బును అచ్చుపెట్టెల్లో పోసేవాళ్లు. కొడుక్కి పిల్లను చూడటానికి బయలుదేరిన రోజు కూడా, వాయి దిగేదాకా బండివాణ్ణి వీధిలో నిలబెట్టాడు. పెళ్లివారింట్లో అందరూ ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయారు. అత్తగారు ఆ గంగాళాన్ని "నా సవతి" అనేది. షెడ్డులో అడుగుపెట్టనని ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

కొడుకు కాలేజీలో రసాయనశాస్త్రం చదివి ఇంటికి వస్తూ చిన్న చుక్కల సీసా ఒకటి తెచ్చాడు. సబ్బు మీద ఒక చుక్క వేస్తే చాలు, పచ్చి సోడా ఉంటే గులాబీ రంగు తేలుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. "ఇంకెందుకు నాన్నా నాలుక కాల్చుకోవడం?" అని ప్రేమగానే అడిగాడు. షావుకారుకు తల కొట్టేసినట్టయింది. పనివాళ్లందరి ముందూ ఆ సీసాను మురిక్కాలవలోకి విసిరి, "నా నాలుక పోయిన రోజు తెచ్చుకో నీ రంగునీళ్లు" అన్నాడు. కొడుకు ఇంకో సీసా తెప్పించి తన గదిలో పెట్టుకున్నాడు. అప్పటి నుంచే ఈ గోడతో కిటికీతో మాటలు.

కోడలి మీద మాత్రం షావుకారుకు ఎక్కడలేని గురి. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆమె టీ పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, ఆయన పెచ్చు గీరడం చూసి, "నేనూ చూడనా మామయ్యా?" అంది. ఆయన సరదాపడి ఇచ్చాడు. "ఇంకా కొంచెం కుడుతోంది, నెమ్మదిగా" అంది ఆమె. ఆయన ఆశ్చర్యపోయి, "ఈ ఇంట్లో నాకు తప్ప నాలుకున్నది నీ ఒక్కదానికే" అని వీధంతా వినపడేలా నవ్వాడు.

షావుకారు నాలుక పోయింది, రుచీ లేదు, మంటా లేదు. ఆ సంగతి మొదట పసిగట్టింది కోడలే. చలికాలం మొదట్లో ఆయన జ్వరంతో మంచం పట్టి లేచాడు. ఒక మధ్యాహ్నం ఆమె కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఉప్పు రవ్వంత తగ్గితే కంచం తోసేసే మనిషి, ఆ కూరంతా తిని, "బాగుందమ్మా" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు కావాలనే చక్కెర లేని టీ ఇచ్చింది. తాగేశాడు.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆయన దృష్టిలో ఆయన బతుకంతా ఆ నాలుక కొస మీదే నిలబడింది. కొడుకు గెలిచాడని ఊరంతా అంటుంది. అందుకని ఆమె ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే మామగారికంటే ముందే షెడ్డులోకి వెళ్లి, తెడ్డుతో సబ్బు తీసి రుచి చూసేది. ఉడికితే, పొయ్యి దగ్గరుండే బొగ్గుల తాతతో "మంట తగ్గించు తాతా" అని చెప్పి వచ్చేసేది. ఉడక్కపోతే మంట అలాగే ఉంచమనేది. బొగ్గుల తాత ఎందుకని అడగలేదు. అంతలో గేటు దగ్గర షావుకారు దగ్గు వినిపించేది. జ్వరం తర్వాత ఆ దగ్గొకటి పట్టుకుంది ఆయన్ని. అది వినగానే ఆమె వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి జారుకునేది.

విచిత్రమేమిటంటే, మామగారి తీర్పు ఎప్పుడూ ఆమె తీర్పు లాగే ఉండేది. మంట పెద్దగా ఉంటే "ఇంకా" అనేవాడు, చిన్నగా ఉంటే "పోయండి" అనేవాడు. ఇన్నేళ్ల అలవాటు కదా, మంట చూసి తనకు తెలియకుండానే చెప్పేస్తున్నాడనుకుంది.

కోడలు పంటి నొప్పితో లేచిన ఆ రోజు ఉడికే వాయి ప్రసూతి ఆసుపత్రిది. పుట్టిన పిల్లలకు మొదటి స్నానం చేయించే సబ్బు. అంతకు ముందు ఎవరూ ఆ పని షావుకారుకు అప్పగించలేదు. అప్పగించేముందు స్వయంగా చూస్తానని ఆసుపత్రి పెద్ద నర్సమ్మ ఆ పొద్దున వస్తానంది. షావుకారు ఉతికిన కోటు వేసుకుని, చిన్నపిల్లాడిలా అద్దం ముందు నుంచి కదలలేదు.

కోడలు దూది ఉమ్మేసి షెడ్డులోకి నడిచింది. నొప్పి హాయిగా సద్దుమణిగింది. పెచ్చు గీరి నాలుకకు తాకించింది. ఏమీ లేదు, చప్పగా ఉంది. "మంట తగ్గించు తాతా" అంది. గేటు దగ్గర దగ్గు వినిపించింది.

ఇంట్లోకి వచ్చి అత్తగారిచ్చిన టీ సగం తాగింది. అత్తగారు తన గ్లాసులోంచి ఒక గుటక వేసి మొహం చిట్లించింది.

"ఛీ, చేదు విషంలా ఉంది! చక్కెర వేయనేలేదు నేను. నీ నోటికి తెలియలేదూ?"

కోడలు గ్లాసు వంక చూసింది. ఇంకో గుక్క నోట్లో పోసుకుంది. చేదు లేదు, తీపీ లేదు. వేడి నీళ్లు తాగినట్టుంది. నాలుకను పళ్ల మధ్య పెట్టి నొక్కింది. అది తన నాలుకలా లేదు.

"లవంగ నూనె..." అంది.

"అవును, మొద్దుబారుతుంది మరి. అందుకేగా పెట్టింది. ఏమయిందే? ఎక్కడికే ఆ పరుగు?"

ఆమె షెడ్డు చేరేసరికి పెద్ద నర్సమ్మ గంగాళం పక్కన నిలబడి ఉంది. తెల్లటి దుస్తులు, చేతిలో గొడుగు, నవ్వని మొహం. కొడుకు దూరంగా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. షావుకారు అప్పుడే కళ్లు తెరిచి, "పోయండి" అన్నాడు. పనివాళ్లు గరిటెలెత్తారు.

"ఆపండి!" కోడలు గట్టిగా అరిచింది. "పోయకండి. అది... పచ్చిగా ఉంది."

పనివాళ్లు గరిటెలు దించారు. షావుకారు నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

"ఎవరు చెప్పారమ్మా పచ్చిగా ఉందని?"

ఎవరు చెప్పారంటే ఏమనాలి? నేను రోజూ మీకంటే ముందు చూస్తున్నానని చెప్పాలి. ఎందుకు చూస్తున్నావంటే మీ నాలుక పోయిందని చెప్పాలి. పనివాళ్ల ముందు, ఆ నర్సమ్మ ముందు, అన్నిటికీ మించి ఆయన కొడుకు ముందు.

"నాకు... అనుమానంగా ఉంది మామయ్యా."

"అనుమానమా?" నర్సమ్మ భృకుటి ముడిపడింది. "షావుకారుగారూ, ఇది పసిపిల్లల ఒంటికి రాసేది. అనుమానం ఉంటే నాకొద్దు."

"అనుమానం అక్కర్లేదు. తేల్చేద్దాం." కొడుకు జేబులోంచి చుక్కల సీసా తీశాడు. తెడ్డు మీది సబ్బు మీద ఒక చుక్క వేశాడు. తెల్లటి సబ్బు మీద గులాబీ రంగు పొంగి పాకింది. "చూశారా? మా నాన్నగారు పోయమన్న సబ్బు ఇది. ఏమోయ్, మీ మామగారికి చెప్పు, కళ్లారా చూసుకోమని."

"మీ ఆయనకి చెప్పమ్మా," షావుకారు గోడ వైపు తిరిగాడు, "రంగునీళ్ల కనికట్టు చూసి సబ్బులు పోసే ఇల్లు కాదిదని. ఇది ఉడికింది. నాకు తెలుసు, ఉడికింది."

"మామయ్యా, వద్దు, నా మాట వినండి..."

ఆయన వినలేదు. ఆమె వైపు ఒక చూపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదేమిటో ఆమెకు ఆ క్షణాన అర్థం కాలేదు. ఆయన తెడ్డు అందుకుని, దాని ఇంకో పక్క నుంచి చల్లారిన బొటనవేలంత ముద్ద తీసి, నర్సమ్మకు కనపడేలా నోరు తెరిచి, నాలుక మీద పెట్టుకుని నోరు మూశాడు.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. మొహంలో ఒక్క గీత మారలేదు. కళ్లు కూడా చెమ్మగిల్లలేదు. పెదవుల చివర మాత్రం ఎర్రబడటం మొదలైంది. ఆ ఎరుపు ముదిరింది. కింది పెదవి ఉబ్బింది. అక్కడి నుంచి సన్నటి రక్తపు చార గడ్డం మీదికి దిగింది. ఆయనకు ఆ సంగతి తెలియదు. "చూశారా," అన్నట్టు చెయ్యి చాపి నవ్వబోయాడు.

"నాన్నా!" కొడుకు సీసా పారేసి పరుగెత్తాడు. ఇన్నాళ్ల తర్వాత నేరుగా తండ్రితో అన్న మొదటి మాట అది.

"ఉమ్మెయ్యండి! ఉమ్మెయ్యండి ముందు!" ఎప్పుడొచ్చిందో అత్తగారు షెడ్డులోకి వచ్చేసింది. ఒట్టూ గిట్టూ ఏమయ్యాయో ఏమో, చెంబుతో నీళ్లు పట్టుకుని ఆయన తల వంచి నోరు కడుగుతూనే ఉంది. "నా చేతులు కాలినందుకు చేసిన శపథం అరవై ఏళ్లొచ్చినా ఇలా తీర్చుకోవాలటండీ? మీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? ఇంకో పుక్కిలి పట్టండి. ఇంకోటి."

ఇక కోడలు ఆగలేకపోయింది. బొగ్గుల తాత పాదాల దగ్గర నేల మీదే కూలబడి అంతా చెప్పేసింది. ఉప్పు లేని కూర, పొద్దున్నే రుచి చూడటం, మంట తగ్గించడం, లవంగ నూనె. "మిమ్మల్ని నలుగురిలో తక్కువ చేయడం ఇష్టంలేక చెప్పలేదు మామయ్యా. ఇప్పుడు కూడా ఒక్క మాట ముందే అనుంటే మీ నోరు కాలేది కాదు. నేనే కాల్చాను."

షావుకారు తలకిందులు చేసిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఉబ్బిన పెదవులతో మాట ముద్దముద్దగా వచ్చింది.

"పిచ్చిపిల్లా. నువ్వు చూస్తున్నావని నాకు తెలియదనుకున్నావా? మొదటి వారంలోనే తెలిసింది. నువ్వు బయటపడే దాకా గేటు దగ్గర దగ్గుతూ నిలబడేవాణ్ణి. దగ్గి దగ్గి గొంతు పోయింది నాకు." ఆయన అరచేత్తో పెదవి తుడుచుకున్నాడు. "లోపలికొచ్చి మంట చూసుకునేవాణ్ణి. తగ్గి ఉంటే ఉడికిందన్నమాట. నీ తీర్పే నా నోటితో చెప్పేవాణ్ణి. ఇవాళా తగ్గే ఉంది."

కోడలు తలెత్తింది.

"నేను పెట్టుకున్నది నా నాలుక నమ్మి కాదమ్మా. అది పోయిందని నాకు తెలియదా? నీ నాలుక నమ్మి పెట్టుకున్నాను. పచ్చిగా ఉందని నువ్వన్నది నర్సమ్మను చూసి బెదిరి అన్నావనుకున్నాను. వాడు వేసిన రంగు నీ నాలుకనే అబద్ధమంటోందనుకున్నాను."

ఆయన తనవైపు చూసిన చూపు ఆమెకు అప్పుడు అర్థమైంది. అత్తగారి ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. కొడుకు తండ్రి మోకాళ్ల దగ్గర కూర్చుని, ఆయన కోటు మీది నీళ్లు రుమాలుతో తుడుస్తూ ఉండిపోయాడు.

షావుకారు నర్సమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఈ వాయి మీకు ఇవ్వను. ఇంకొంచెం నూనె పోసి మళ్లీ కాస్తాం. అప్పుడు మా కోడలు చూస్తుంది. దాని మీద మా అబ్బాయి చుక్క వేస్తాడు. రెండూ సరే అంటేనే పంపిస్తాను. కాదంటే వేరే వాళ్ల దగ్గర తీసుకోండి."

నర్సమ్మ ఆయన దగ్గరికి వచ్చింది. "ఎదుటి వాళ్ల ఒంటికంటే ముందు తన నోట్లో పెట్టుకునే వాళ్లు నాకింకెక్కడ దొరుకుతారు?" అని గొడుగు పక్కన పెట్టి, ఆయన నోరు తెరిపించి చూడసాగింది.

ఆ తర్వాత షావుకారు షెడ్డు గుమ్మం దగ్గర బెంచీ వేయించుకుని కూర్చునేవాడు. తండ్రీకొడుకులు ఇప్పుడు ఎదురెదురుగానే పోట్లాడుకునేవారు. కోడలికి ప్రాణం సుఖంగా ఉండేది. రోజూ ఆమె తెడ్డు పట్టుకుని వస్తే, "నాలుక ఏమంటోందమ్మా ఇవాళ?" అని అడిగేవాడు. ఆమె "ఉడికింది మామయ్యా" అంటే, ఆయన "పోయండి" అనేవాడు. ఆ ఒక్క మాట ఆయన దగ్గరే ఉంచారు అందరూ.

మరుసటి వానాకాలంలో, ఒక పొద్దున, ఆ బెంచీ మీదే గోడకు తలవాల్చి వెళ్లిపోయాడు. గంగాళంలో వాయి ఉడుకుతోంది. నిద్రపోతున్నాడనుకుని కోడలు రెండుసార్లు పిలిచింది.

ఊరు ఊరంతా వచ్చింది. ఇల్లు నిండి, వాకిలి నిండి, గొడుగులు వీధి చివరిదాకా నిలబడ్డాయి. షావుకారు అన్నగారు పెద్దరికం మీద వేసుకుని తొందర పెట్టాడు. "వాన ముదిరేలా ఉంది. ఇక లేవదీద్దాం. ఆ పొయ్యి ఆర్పించండి ముందు."

"ఆర్పితే వాయి పాడైపోతుంది పెదనాన్నా," కొడుకు నసిగాడు.

"మనిషే పోతే ఇంకా సబ్బేమిట్రా?"

అందరూ కోడలి వైపు చూశారు. ఆమె లేచి షెడ్డులోకి వెళ్లింది. పెచ్చు గీరి నాలుకకు తాకించింది. పొద్దుటి నుంచి ఏడ్చిన నోరది, కన్నీళ్ల ఉప్పు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇంకోసారి తాకించింది. మనసు ఉడికిందనేయమంటోంది కానీ ఆమె అనలేదు.

"ఏమండీ," గుమ్మంలో నిలబడ్డ భర్తను పిలిచింది, "నా నోరు ఇవాళ పనికిరాదు. మీ సీసా తీసుకురండి."

చుక్క పడింది. గులాబీ రంగు తేలింది. ఇంకా ఉడకాలి.

అన్నగారు విసుక్కున్నాడు. "ఎంతసేపని ఆపుతారు మనిషిని?"

అప్పుడు అత్తగారు లేచింది. భర్త తల పక్కన కూర్చున్న మనిషి, కళ్లు తుడుచుకుని, అందరికీ వినపడేలా అంది.

"కూర్చోండి బావగారూ. ఆ సవతి ఉడికే దాకా ఈయన నన్ను ఎన్నిసార్లు ఆపారో మీకు తెలియదు. పెళ్లివారిని ఆపారు, బండివాణ్ణి ఆపారు, అన్నం కంచాల ముందు అందర్నీ ఆపారు. ఇవాళ ఆయన్ని ఆగనివ్వండి. ఆయనకి అలవాటే."

వచ్చిన వాళ్లలో కొందరు నవ్వారు, నవ్వుతూనే కళ్లొత్తుకున్నారు. ఎవరూ కదల్లేదు. వాన రేకుల మీద పడుతూనే ఉంది. బొగ్గుల తాత మంట ఎగదోశాడు. కొడుకు మళ్లీ చుక్క వేశాడు, మళ్లీ వేశాడు. చివరికి సబ్బు తెల్లగా ఉండిపోయింది. కోడలు నోరు రెండుసార్లు పుక్కిలించి, పెచ్చు నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. చప్పగా ఉంది.

"ఉడికింది మామయ్యా" అంది అలవాటుగా, గుమ్మం దగ్గరి బెంచీ వైపు తిరిగి.

బెంచీ ఖాళీగా ఉంది. పనివాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆ మాట వినపడకుండా వాళ్లు ఎన్నడూ పోయలేదు. భర్త ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నువ్వే చెప్పాలి" అన్నాడు.

ఆమె బెంచీ మీది నుంచి చూపు తిప్పి గంగాళం వైపు తిరిగింది.

"పోయండి" అంది.

తెల్లటి సబ్బు అచ్చుల్లోకి దిగింది. ఆఖరి పెట్టె నిండాక గరిటెలు కింద పెట్టి, చేతులు కడుక్కుని, అందరూ వెళ్లి ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.